సీఎన్‌సీ రౌటర్‌లో డెప్త్ ఒకచోట తక్కువ, ఒకచోట ఎక్కువ వస్తుంటే ముందు చూడాల్సింది ఏమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీ దగ్గర 1325 మెషిన్ (కంప్యూటర్ ఫైల్ ప్రకారం చెక్కని చెక్కే రౌటర్) ఉంది, అంటే 4 బై 8 అడుగుల షీటు పట్టే బెడ్. చేతిలో పట్టుకునే డీఎస్‌పీ కంట్రోలర్, స్టెప్పర్ మోటార్లు, జెడ్‌కి (బిట్ తిప్పే స్పిండిల్‌ని పైకీ కిందికీ కదిపే దిశకి) 5 ఎంఎం పిచ్ బాల్ స్క్రూ, అంటే ఒక చుట్టుకి 5 ఎంఎం కదులుతుంది. 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క నార నొక్కి చేసిన షీటు) మీద 6 ఎంఎం గాడి కొడితే మూలలో 5.5, షీటు మధ్యలో 6.2 వచ్చింది. మెషిన్ అమ్మినవాళ్ల టెక్నీషియన్ ఫోన్‌లో చెప్పాడని జెడ్ స్టెప్స్ పర్ ఎంఎం (ఒక ఎంఎం కదలడానికి మోటార్‌కి పంపే పల్సుల లెక్క) 320 నుంచి 336కి మార్చారు, ఇప్పుడు మూలలో 5.8, మధ్యలో 6.5 వస్తోంది. ఇది కాక టేకు తలుపుల మీద దేవుడి బొమ్మ చెక్కేటప్పుడు, మొదలుపెట్టిన వైపు బాగానే ఉండి, జాబ్ చివరికొచ్చేసరికి ఒక ఎంఎం పైగా లోతు దిగిపోతోంది.

సూటిగా చెప్తాను. ముందు ఆ 336 తీసేసి మళ్లీ 320 పెట్టేయండి. మీకున్నది కాలిబ్రేషన్ సమస్య కాదు. పైగా ఒకటి కాదు, రెండు వేరువేరు సమస్యలు కలిసి కనపడుతున్నాయి. షీటు మీద చోటును బట్టి లోతు మారడం బెడ్, షీటు సమస్య. జాబ్ నడిచేకొద్దీ లోతు దిగిపోవడం మాత్రం కొలెట్‌లో (బిట్‌ని పట్టుకునే బిగింపులో) బిట్ జారడం వల్లో, జెడ్ స్టెప్పులు పోగొట్టుకోవడం వల్లో వచ్చేది. రెండింటినీ ఒకే సెట్టింగ్‌తో సరిచేద్దామని చూస్తే ఎప్పటికీ తేలదు.

320 ఎందుకు అంటున్నానంటే, అది లెక్క. స్టెప్పర్ ఒక చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్‌లో మైక్రోస్టెప్ 8 పెడితే 1600 పల్సులు, స్క్రూ పిచ్ 5 ఎంఎం కాబట్టి 1600ని 5తో భాగిస్తే 320. (అదే 10 ఎంఎం పిచ్ అయితే 160. డ్రైవర్ మీద చిన్న స్విచ్చులు ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోండి.) బాల్ స్క్రూ పిచ్‌లో 5 శాతం తేడా ఉండదు. ఎంత నాసిరకం స్క్రూ అయినా అంత రాదు. మీరు 336 చేసినప్పుడు జరిగిందేమిటంటే 6 ఎంఎం కాస్తా 6.3 అయింది, అంతే. మూలలో 0.3 పెరిగింది, మధ్యలోనూ 0.3 పెరిగింది, రెండింటి మధ్య ఉన్న 0.7 తేడా అలాగే ఉంది. మీరు రాసిన అంకెల్లోనే జవాబు ఉంది. పైగా ఇప్పుడు 20 ఎంఎం లోతు జాబ్ పెడితే అది 21 దిగుతుంది, అప్పుడు బెడ్ పాడవుతుంది.

స్టెప్స్ మార్చాల్సిన సందర్భం ఒక్కటే: తప్పు లోతుతో పాటు పెరగాలి. పనికిరాని చెక్కముక్క మీద ఒకే చోట పక్కపక్కనే 5, 10, 15 ఎంఎం గాళ్లు కొట్టి చూడండి. 4.9, 9.8, 14.7 అలా వస్తే అది నిజంగా కాలిబ్రేషన్ తప్పు. మూడింట్లోనూ ఒకే 0.3 తేడా ఉంటే అది జెడ్ జీరో (లోతు లెక్క మొదలయ్యే ఎత్తు) తప్పు. టచ్ ప్లేట్ (జీరో తీసుకోవడానికి బిట్ కింద పెట్టే పలక) మందం కంట్రోలర్‌లో తప్పుగా ఎక్కించి ఉంటారు, లేదా కాగితం పెట్టి జీరో తీసుకుని దాని మందం వదిలేసి ఉంటారు. టచ్ ప్లేట్‌ని ఒకసారి వర్నియర్‌తో కొలిచి, ఆ అంకె కంట్రోలర్‌లో ఉన్న అంకెతో సరిపోతుందో లేదో చూడండి. రెండు నిమిషాల పని, కానీ చాలామంది మెషిన్ కొన్నప్పటి నుంచి చూసి ఉండరు.

కొలిచే పద్ధతి గురించి కూడా ఒక మాట. వర్నియర్ వెనక వచ్చే సన్నపు పుల్లతో లోతు కొలుస్తాం కదా, గాడి అడుగున పొట్టు ఉంటే, ఎండీఎఫ్ నూగు లేచి ఉంటే అక్కడే 0.1, 0.2 తేడా వచ్చేస్తుంది. గాలి కొట్టి, వేలితో ఒకసారి రుద్ది, వర్నియర్ మడమ షీటు మీద నిటారుగా ఆనించి కొలవండి.

ఇప్పుడు మొదటి సమస్య, చోటును బట్టి లోతు మారడం.

మెషిన్‌కి షీటు ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో తెలియదు. మీరు మూల దగ్గర జీరో తీసుకున్నారు, అది అక్కడి నుంచి 6 ఎంఎం కిందికి ఒక మట్టం పట్టుకుని షీటంతా తిరుగుతుంది. షీటు పైభాగం ఆ మట్టం కంటే ఎక్కడ పైకి లేచి ఉంటే అక్కడ లోతు ఎక్కువ వస్తుంది, ఎక్కడ దిగి ఉంటే అక్కడ తక్కువ. కాబట్టి తేల్చుకోవాల్సింది ఇదొక్కటే: షీటు మందమే మారుతోందా, షీటు బెడ్ మీద సరిగా ఆనలేదా, లేక బెడ్డే స్పిండిల్ నడిచే మట్టానికి సమానంగా లేదా?

దీనికి నేను వాడే పద్ధతి ఇది. పాడైన షీటు ఒకటి వేసి మూలల్లో, మధ్యలో కలిపి ఓ తొమ్మిది చోట్ల 6 ఎంఎం గాళ్లు కొట్టండి. తర్వాత ఆ షీటుని గాళ్ల మీదుగా కోసేసి, ప్రతి చోటా రెండు కొలవండి: షీటు పూర్తి మందం, గాడి కింద మిగిలిన మందం. మిగిలిన మందం అన్నిచోట్లా ఒకటే ఉండి లోతు మాత్రం మారితే, తప్పు షీటుది. మెషిన్, బెడ్ రెండూ బాగానే ఉన్నాయి. అలా కాకుండా షీటు మందం ఒకటే ఉండి మిగిలిన మందం మారుతోందంటే, షీటు లేచి ఉంది, లేదా బెడ్ సమంగా లేదు. ఎండీఎఫ్‌లో మందం తేడా సాధారణంగా పాయింటు రెండు, మూడు ఎంఎం లోపలే ఉంటుంది, ప్లైవుడ్‌లో అంతకంటే ఎక్కువ చూస్తాం. మీకు 0.7 వస్తోంది కాబట్టి షీటు ఒక్కదాని మీదే నెట్టేయలేం.

షీటు లేచి ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. క్లాంపులన్నీ బిగించాక వేలి మడతతో షీటు మీద అక్కడక్కడా తట్టుకుంటూ వెళ్లండి. ఆనినచోట గట్టిగా పలుకుతుంది, ఆననిచోట డబ్‌డబ్‌మని బోలు శబ్దం వస్తుంది. అంచుల్లో మాత్రమే క్లాంపులు వేస్తే మధ్యలో షీటు విల్లులా లేవడం చాలా మామూలు. గోడకి నిలబెట్టి ఉంచిన షీట్లయితే మరీను. అందుకే మధ్యలో కూడా, డిజైన్ తగలని చోట స్క్రూలు వేయాలి.

స్క్రూలతో ఇంకో చిక్కు ఉంది. ఎండీఎఫ్ స్పాయిల్ బోర్డ్‌లోకి (బెడ్ మీద, షీటు కింద వేసే బోర్డులోకి) స్క్రూ దిగినప్పుడు రంధ్రం చుట్టూ చిన్న గుబ్బ లేస్తుంది. కంటికి సరిగా కనపడదు, అరచేతితో నిమిరితే తెలుస్తుంది. ఏళ్ల తరబడి స్క్రూలు వేసిన బోర్డు మీద అలాంటి గుబ్బలు వందల్లో ఉంటాయి, షీటు వాటి మీద కూర్చుంటుంది. ప్రతి షీటుకి ముందు పదునైన ఉలిని బోర్డు మీద బల్లపరుపుగా పెట్టి ఆ గుబ్బల్ని గీకేయండి, తర్వాత వాక్యూమ్ కొట్టండి. షీటు కింద ఇరుక్కున్న చిటికెడు పొట్టు కూడా అర ఎంఎం ఎత్తు లేపేస్తుంది.

ఇక బెడ్. స్పాయిల్ బోర్డ్‌ని చివరిసారి ఎప్పుడు సర్ఫేసింగ్ (పైపొర తీసి సమం చేయడం) చేశారో మీరు రాయలేదు. చేయకపోయి ఉంటే మిగతావన్నీ వదిలేసి ముందు అది చేయండి. చాలామంది స్పిరిట్ లెవెల్ పెట్టి బెడ్ లెవెల్‌గానే ఉందండీ అంటారు. భూమికి లెవెల్‌గా ఉండటం వల్ల మనకి ఒరిగేదేమీ లేదు, స్పిండిల్ నడిచే దారికి సమాంతరంగా ఉండాలి. స్పిండిల్‌ని మోసే గ్యాంట్రీ దూలం మధ్యలో కాస్త వంగి ఉన్నా, ఒకవైపు రైలు కాస్త దిగి ఉన్నా, అదే మెషిన్‌తో బోర్డు మొత్తం ఒక పొర తీసేస్తే ఆ వంపు అచ్చుగుద్దినట్టు బోర్డు మీదికి వచ్చేస్తుంది, ఇక ఆ తేడా మీ జాబ్‌లో కనపడదు. అందుకే బోర్డు కొత్తది కొనుక్కొచ్చి వేసినంత మాత్రాన పని కాదు, ఆ మెషిన్ మీదే సర్ఫేస్ చేయాలి.

చేసే పద్ధతి: బోర్డు మీద పెన్సిల్‌తో అడ్డంగా నిలువుగా గీతలు గీసేయండి. 25 ఎంఎం గానీ అంతకంటే పెద్దది గానీ సర్ఫేసింగ్ బిట్ పెట్టి, బోర్డులో అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోటు చూసుకుని అక్కడ జీరో తీసుకుని, ఒక్కో పాస్‌కి 0.3 నుంచి 0.5 వరకు తీసుకుంటూ గీతలన్నీ పోయేదాకా నడపండి. ఒకచోట గీతలు మొదటి పాస్‌లోనే పోయి, ఇంకోచోట మూడో పాస్‌కి కూడా మిగిలాయంటే మీ 0.7 ఎక్కడి నుంచి వచ్చిందో మీ కళ్లముందే ఉంటుంది. పాస్‌కీ పాస్‌కీ మధ్య చారలు మెట్లుమెట్లుగా గోటికి తగులుతుంటే స్పిండిల్ నిటారుగా లేదని అర్థం, దాన్ని తర్వాత ట్రామ్ చేసుకోవాలి, అంటే నిటారుగా సర్దుకోవాలి. కానీ దానివల్ల మూలకీ మధ్యకీ 0.7 తేడా రాదు, కాబట్టి కంగారు పడొద్దు. వాక్యూమ్ బెడ్ అయితే సర్ఫేసింగ్ చేసేటప్పుడు వాక్యూమ్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే తర్వాత వాక్యూమ్ లాగినప్పుడు బోర్డు ఆకారం మారిపోతుంది.

వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. ఎండీఎఫ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, అంచులు ఎక్కువ పీల్చుకుంటాయి. వైజాగ్, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో షెడ్డుకి ఒకవైపు తెరిచి ఉంటే ఆ వైపు బోర్డు వేరుగా ఉబ్బడం కూడా చూస్తాం. జూన్, జులైల్లో ఒకసారి, వానలు తగ్గాక ఇంకోసారి ఒక సన్నపు పొర తీసుకోవడం మంచి అలవాటు. బోర్డు మీద తడిగుడ్డ మాత్రం పెట్టకండి.

టేకు పలకల సంగతి వేరే. పలక ముందే థిక్‌నెసర్ మీద రెండువైపులా సమం చేయకుండా మెషిన్ మీద పెడితే ఎంత బెడ్ సరిచేసినా లాభం లేదు. పచ్చిదనం ఉన్న చెక్కయితే ఒకవైపు చెక్కుతుండగానే వంకర తిరుగుతుంది. కస్టమర్ తొందర పెట్టినా సరే, సరిగా ఆరని చెక్కని ఒప్పుకోకండి, తర్వాత తలుపు పట్టకపోయినా, డిజైన్ తేడాగా వచ్చినా మాటపడేది మీరే.

నేమ్ బోర్డులు, వీ బిట్‌తో అక్షరాలు చెక్కేవాళ్లకి ఇంకో విషయం. వీ బిట్‌లో లోతు తప్పు వెడల్పు తప్పు అయిపోతుంది. 90 డిగ్రీల బిట్‌తో లోతు 0.1 పెరిగితే గీత 0.2 లావెక్కుతుంది. అందుకే గాడిలో ఎవరూ పట్టించుకోని తేడా, అక్షరాల్లో మాత్రం బోర్డు ఎడమవైపు సన్నగా, కుడివైపు లావుగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నా దగ్గర అలాంటి జాబ్ వస్తే అక్షరాలు పడే మేర ముందు పెద్ద బిట్‌తో 0.3 పొర తీసేసి, ఆ కొత్త ఉపరితలం మీద జీరో తీసుకుని అప్పుడు వీ బిట్ పెడతాను. గాజు మీద రాసినంత సమంగా వస్తాయి.

సాఫ్ట్‌వేర్‌లో జెడ్ జీరో ఎక్కడ పెట్టుకున్నారో కూడా చూడండి, షీటు పైనా, బెడ్ మీదా అని. గాళ్లు, అక్షరాలు, 3డీ అయితే పైన పెట్టుకోవాలి. జాలీలాగా ఆరపార కోసేవి అయితే బెడ్ మీద పెట్టుకోవడం మేలు, షీటు 17.7 ఉన్నా 18.2 ఉన్నా బోర్డులోకి ఒకే లోతు దిగుతుంది. బెడ్ మీద జీరో పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో మందం 18 అని రాసి, అసలు షీటు 17.6 ఉంటే, గాడి లోతు 0.4 తగ్గిపోతుంది. ఇందులో మెషిన్ తప్పేమీ లేదు.

ఇక రెండో సమస్య, జాబ్ నడిచేకొద్దీ లోతు దిగిపోవడం. నిజానికి మీరు ఎక్కువ భయపడాల్సింది దీనికే, ఎందుకంటే ఇది ఖరీదైన టేకు మీద, గంటల పని అయ్యాక బయటపడుతుంది.

ఇక్కడ అనుమానాలు చాలా ఉన్నాయి, కానీ ఒక పర్మనెంట్ మార్కర్‌తో సగం తేలిపోతాయి. జాబ్ మొదలుపెట్టే ముందు మూడు గుర్తులు పెట్టండి. ఒకటి, కొలెట్ నట్ అంచుకి ఆనించి బిట్ కాడ మీద చుట్టూ గీత. రెండు, జెడ్ మోటార్ షాఫ్ట్ మీది నుంచి కప్లింగ్ (మోటార్‌ని స్క్రూతో కలిపే ముక్క) మీదుగా స్క్రూ దాకా ఒకే నిలువు గీత. మూడోది గుర్తు కాదు, కొలత: బెడ్ మీద జాబ్ తగలనిచోట ఒక గట్టి ముక్క స్క్రూలతో బిగించి, ఆ ముక్క పైభాగాన్నే జెడ్ జీరోగా తీసుకోండి (జాబ్‌కి కావాల్సిన తేడా సాఫ్ట్‌వేర్‌లో సర్దుకోవచ్చు). తర్వాత జెడ్‌ని 10 ఎంఎం పైకి పంపి, 10 ఎంఎం డ్రిల్ బిట్ కాడ మధ్యలో దూరుతోందో లేదో చూసి ఉంచుకోండి. జాబ్ అయ్యాక అక్కడికే వచ్చి మళ్లీ 10కి పంపి అదే కాడ దూర్చండి. నేరుగా జీరోకి పంపొద్దు, లోతు దిగి ఉంటే బిట్ విరుగుతుంది.

కాడ దూరట్లేదు, బిట్ మీది గీత నట్ నుంచి కిందికి వచ్చేసింది అంటే కొలెట్ జారుతోంది. అప్‌కట్ స్పైరల్ బిట్ పొట్టుని పైకి లాగుతూ తనని తాను చెక్కలోకి లాక్కుంటుంది, పట్టు కాస్త తగ్గినా జారుతుంది. టేకులో నూనె, జిగురు ఉంటాయి కాబట్టి కొలెట్ లోపల మడ్డి పట్టేస్తుంది. థిన్నర్‌తో కడిగి, చీలికల్లో పొట్టు తీసేసి చూడండి. కొలెట్‌ని ముందు నట్‌లో టక్‌మని పడేలా నొక్కి, ఆ తర్వాతే స్పిండిల్‌కి ఎక్కించాలి. విడిగా పెట్టి నట్ బిగిస్తే కొలెట్ పక్కకి కూర్చుంటుంది, ఎంత బిగించినా పట్టదు. బిట్ కాడ కొలెట్ పొడవు నిండా ఉండాలి, కొసలో పట్టించి పని చేయించకండి. లోపల గీతలు పడిన, నోరు వెడల్పయిన కొలెట్‌ని దాచుకోవద్దు. ఒక్క తలుపు పాడైతే వచ్చే నష్టం ముందు కొలెట్ ధర ఎంత?

బిట్ గీత కదల్లేదు, కప్లింగ్ మీది గీత విరిగినట్టు పక్కకి జరిగింది అంటే కప్లింగ్‌ని షాఫ్ట్‌కి బిగించే గ్రబ్ స్క్రూ వదులైంది. విప్పి, లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా వేసే జిగురు) వేసి బిగించండి.

రెండు గీతలూ కదలకుండా ఎత్తు మాత్రం తప్పిందంటే మోటార్ స్టెప్పులు పోగొట్టుకుంటోంది. లోతు దిగిపోతోంది కాబట్టి పైకి లేచేటప్పుడు పోగొట్టుకుంటోంది. కంట్రోలర్ 10 లేచానని అనుకుంటుంది, నిజంగా లేచింది 9.95. తర్వాత 10 కిందికి దిగుతుంది. అలా లేచిన ప్రతిసారీ కొంచెం కొంచెం కిందికి జారుతుంది. వాటర్ కూల్డ్ స్పిండిల్, దాని ప్లేటు కలిపి చాలా బరువు, అదంతా ఆ ఒక్క మోటారే ఎత్తాలి. 5 ఎంఎం పిచ్ మీద నిమిషానికి 3 మీటర్ల వేగం అంటే మోటార్ 600 ఆర్‌పీఎం తిరగాలి, స్టెప్పర్లకి ఆ వేగంలో బలం బాగా తగ్గిపోతుంది. జెడ్ వేగం, యాక్సిలరేషన్ రెండూ సగానికి తగ్గించి అదే జాబ్‌ని పనికిరాని చెక్క మీద నడపండి. తేడా పోతే దొరికినట్టే. తర్వాత జెడ్ రైళ్లు, స్క్రూ తుడిచి గ్రీజు పెట్టి, డ్రైవర్ కరెంటు సెట్టింగ్ మోటార్ మీద రాసిన అంకెకి సరిపోయిందో చూసి, అప్పుడు వేగం కొంచెం కొంచెం పెంచుకోవచ్చు.

వేగం తగ్గించినా అంతే తేడా వస్తోందా? అప్పుడు పల్స్ సెట్టింగ్ చూడాలి. డ్రైవర్ పల్స్ పైకి లేచేటప్పుడు చదువుతుందా, దిగేటప్పుడా అనేది కంట్రోలర్‌లో తిరగేసి ఉంటే, జెడ్ దిశ మారిన ప్రతిసారీ ఒక స్టెప్పు పోయే అవకాశం ఉంది. ఒక స్టెప్పు అంటే 320లో ఒకటి, 0.003 ఎంఎం, ఎవరికి కనపడుతుంది? కానీ 3డీ బొమ్మలో జెడ్ వేల సార్లు పైకీ కిందికీ మారుతుంది. వెయ్యి సార్లకి 3 ఎంఎం. గాళ్లలో ఏ తేడా లేకుండా 3డీలో మాత్రమే లోతు దిగిపోతోంది అంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. మీరు గాళ్లలో జాబ్ చివర లోతు పెరుగుతోందని ఎక్కడా రాయలేదు కాబట్టి కొలెట్ తర్వాత దీన్ని తప్పకుండా చూడండి. డ్రైవర్ మాన్యువల్‌లో ఉంటుంది, కంట్రోలర్‌లో పల్స్ పోలారిటీ లాంటి పేరుతో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది.

ఒకసారి లోతు, ఒకసారి పైకి, ఒకరోజు బాగా, ఇంకోరోజు పాడుగా, ఇలా లెక్కాపత్రం లేకుండా వస్తే అప్పుడు ఎర్తింగ్, వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని నడిపే పరికరం) కేబుల్ నాయిస్ చూడాలి. స్పిండిల్ కేబుల్ షీల్డ్ ఉన్నదై ఉండాలి, మోటార్ల సిగ్నల్ వైర్లతో కలిపి ఒకే చైన్‌లో తోసేయకూడదు. మీది ప్రతిసారీ కిందికే పోతోంది కాబట్టి దీని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

కరెంటు గురించి కూడా. మధ్యలో కరెంటు పోతే జెడ్ మోటార్ పట్టు వదిలేస్తుంది, బ్రేక్ లేకపోతే స్పిండిల్ బరువుకి బాల్ స్క్రూ తిరిగి కిందికి జారుతుంది. కరెంటు వచ్చాక ఆగినచోటి నుంచి నేరుగా కంటిన్యూ కొట్టకండి. హోమింగ్ (మెషిన్‌ని సెన్సార్ల దగ్గరికి పంపి మొదటి స్థానం గుర్తుపట్టించడం) చేసి, బిగించి ఉంచిన ఆ ముక్క మీద 10 ఎంఎం కాడతో ఎత్తు సరిచూసుకుని అప్పుడు నడపండి. హోమ్ సెన్సార్ మీద పొట్టు పేరుకుంటే హోమింగ్ కూడా ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది.

రఫింగ్ బిట్ తీసి ఫినిషింగ్ బిట్ పెట్టినప్పుడు జీరో ఎక్కడ తీసుకుంటున్నారు? రఫింగ్‌లో చెక్కేసినచోట తీసుకుంటే మొత్తం బొమ్మ లోతు దిగిపోతుంది. దానికి కూడా ఆ ముక్కే వాడండి.

అన్నీ సరిచేశాక ఎంత ఆశించొచ్చు అంటే, చెక్క పని చేసే ఈ సైజు మెషిన్‌లో షీటు మొత్తం మీద 0.2 లోపల తేడా వస్తే బాగున్నట్టే. 0.02 కోసం వెంటపడి సెట్టింగులు మారుస్తూ కూర్చోకండి.

మీరు చేయాల్సిన వరస: 320 పెట్టడం, సర్ఫేసింగ్, తొమ్మిది గాళ్ల పరీక్ష. ఆ తర్వాత మార్కర్ గీతలు పెట్టి పనికిరాని చెక్క మీద 3డీ జాబ్ ఒకటి పూర్తిగా నడపండి. తొమ్మిది చోట్ల లోతు, మిగిలిన మందం, జాబ్ అయ్యాక గీతలు ఏమయ్యాయో, దాంతోపాటు డ్రైవర్ మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి, పల్స్ సెట్టింగ్ ఎటు ఉండాలో చూసి చెప్తాను.